రెండు బీరువాల మధ్య వదిన

ఆమెను వదినను చేసింది నేనే. మొదటిరోజు మా డిపార్ట్‌మెంటు గుమ్మం దగ్గర గార్డు ఆమెను ఆపేశాడు. "పిల్లల్ని దింపడానికి వచ్చినవాళ్లు బయటే ఉండాలమ్మా" అన్నాడు. నలభై దాటిన మనిషి, చేతిలో టిఫిను డబ్బా, భుజాన సంచి. గార్డును తప్పుపట్టడానికి లేదు. "నేనే పిల్లనండీ, నన్ను నేనే దింపుకున్నాను" అని ఆమె మొత్తుకుంటోంది. అతను వింటేనా! వెనక నిలబడ్డ నాకు క్లాసుకు ఆలస్యమవుతోంది, నాకసలే ఓపిక తక్కువ. "మా వదినండీ, రానివ్వండి" అనేశాను. గార్డు పక్కకు తప్పుకున్నాడు. సాయంత్రానికల్లా ఆమె డిపార్ట్‌మెంటు మొత్తానికి వదినైపోయింది. నన్ను మాత్రం "ఆడపడుచూ" అని పిలవడం మొదలుపెట్టింది. ఇప్పటికీ అదే పిలుపు.

మా చదువేమిటో రెండు ముక్కల్లో చెబుతాను. ప్రాచీన యూదు మతం, క్రైస్తవం పుట్టిన తీరు. దాదాపు రెండువేల ఏళ్ల కిందట ఒకే వీధిలో ఉంటూ ఒకే బావి నీళ్లు తాగిన జనంలో ఎవరు యూదులుగా మిగిలారు, ఎవరు క్రైస్తవులయ్యారు, ఎప్పుడయ్యారు, అసలు మధ్యలో ఆ గీత గీసిందెవరు? ఈ ప్రశ్నల మీద మేము ఏళ్ల తరబడి జుట్లు పట్టుకుంటాం. ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం మా ప్రొఫెసర్ల వల్ల కూడా కాలేదు. వదిన అత్తగారు మాత్రం ఒక్క మాటలో తేల్చేసింది: "ఎప్పుడో పోయినోళ్ల పంచాయితీ."

ఇక్కడికి రాకముందు వదిన రైల్వే స్టేషన్లో అనౌన్సరు. బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఎంత ఆలస్యమో మైకులో చెప్పే గొంతు ఆమెది. స్టేషన్లో తప్పిపోయిన వస్తువుల గదికి ఎవరో పారేసుకున్న పాత గ్రీకు వ్యాకరణం ఒకటి చేరింది. ఏడాదిపాటు దానికోసం ఎవరూ రాలేదు. "ఆ పుస్తకం కోసం ఎవరూ రాలేదు, దాంతో నేనే వెళ్లాను" అంటుంది వదిన. బండికీ బండికీ మధ్య ఖాళీలో ఆ పుస్తకం నమిలేసింది. తర్వాత హీబ్రూ మీద పడింది. ఆమె భర్త, అంటే నాకు వరసకు అన్నయ్య, గూడ్సు బండి డ్రైవరు. గూడ్సుకు అనౌన్స్‌మెంటు ఉండదు కనుక పెళ్లయిన ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తన బండి పేరు భార్య నోట వినలేదని ఆయన బాధ. చదువుకుంటానంటే మాత్రం ఎర్రజెండా చూపలేదు. స్టేషన్‌వాళ్లు జీతం లేని సెలవు ఇచ్చారు. ఆ సెలవు అయిపోతే తిరిగి మైకు ముందుకైనా వెళ్లాలి, లేదా ఉద్యోగమైనా వదులుకోవాలి.

పదేపదే మైకులో చెప్పడం వల్ల వదినకు మామూలు గొంతు పోయింది. క్లాసులో ఆనాటి యూదుల వాడుక భాష అరామిక్‌లో వాక్యం చదివినా, అది కాసేపట్లో రెండో ప్లాట్‌ఫారం మీదికి వచ్చేలా ఉండేది. మేము నవ్వేవాళ్లం. ఆమె కూడా నవ్వేది, కానీ గొంతు మార్చుకునేది కాదు.

ఇప్పుడు మా బీరువాల సంగతి. ఎవరో సేకరించి ఇచ్చిన పాత రాతల తునకలు మా దగ్గర కొన్ని ఉన్నాయి. పపైరస్ అని, నీటి మొక్క నారతో చేసిన ఆనాటి కాగితం. ఒక్కో తునకను రెండు అద్దాల మధ్య బిగించి ఉంచారు. ముందుతరం పెద్దలు వీటిని రెండు బీరువాల్లోకి విడదీశారు. అబ్రహాము పేరు కనిపిస్తే ఎడమ బీరువా, అది యూదులది. యేసు పేరు కనిపిస్తే కుడి బీరువా, అది క్రైస్తవులది. కూరగాయలు ఏరినట్టు ఏరేశారు. ఒకసారి ఒక తునక పొరపాటున పక్క బీరువాలోకి వెళ్లి చాన్నాళ్లు దొరకలేదట. అప్పటినుంచి రెండు బీరువాలూ ఒకేసారి తెరవకూడదని నియమం పెట్టారు. ఎడమ తునక, కుడి తునక పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు ఎవరూ లేరు. చూడాలంటే ఫొటోలే గతి.

ఎడమ తాళం వదిన గైడు దగ్గర, కుడి తాళం నా గైడు దగ్గర. మాలో మేము ఎడమ మేడం, కుడి సార్ అనుకుంటాం. ఇద్దరూ ఉప్పూ నిప్పూ. ఎప్పుడో ఒక ఫుట్‌నోట్ దగ్గర మాటలు ఆగిపోయాయని చెబుతారు. కారిడార్లో ఎదురుపడితే ఇద్దరూ చెరో వైపు తిరిగి నోటీసు బోర్డు చదువుతారు. మా నోటీసు బోర్డును అంత శ్రద్ధగా చదివేవాళ్లు ఇంకెవరూ లేరు.

మా దగ్గర ఇంకో ఆచారం కూడా ఉంది. విద్యార్థుల సదస్సులో ఒకరు పేపరు చదివితే, దాన్ని విమర్శించే వంతు మరొకరికి ఇస్తారు. విమర్శించేవాళ్లు ముందు ఆ వాదం మొత్తం తమ నోటితో అప్పజెప్పాలి. పేపరు రాసినవాళ్లు లేచి "అవును, నేనన్నది ఇదే" అనాలి. అనేదాకా తప్పు పట్టే హక్కు లేదు. ఎదుటివాళ్ల మాట సరిగ్గా చెప్పడం ఎంత కష్టమో అక్కడ నిలబడితే తెలుస్తుంది. పోయినసారి ఒకాయన మూడు మాట్లు అప్పజెప్పి, మూడు మాట్లూ కాదనిపించుకుని, చివరికి నీళ్లు తాగి కూర్చున్నాడు.

నేను చెప్పబోయేదంతా జరిగిన నెల్లోనే వదిన సదస్సు. అక్కడ ఆమె పేపరు నిలబడితే, ఆ విషయం మీద థీసిస్ రాసుకోవచ్చని మేడం, సార్, డిపార్ట్‌మెంటు హెడ్ కలిసి తేలుస్తారు. నిలబడకపోతే ఒక సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపిస్తారు. సెలవు కూడా ఆ నెలాఖరుకే ముగుస్తుంది. అంటే ఆమె చదువు మొత్తం ఆ ఒక్క పేపరు మీద వేలాడుతోంది.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం మా గదిలోంచి కేక వినిపించింది. "దొరికిందే ఆడపడుచూ, దొరికింది!" పరుగున వెళ్లేసరికి వదిన టీ కప్పు తన్నేసి, కుర్చీ ఎక్కి నిలబడి ఉంది. బల్ల మీద టీ పారుతోంది, ఆమెకు పట్టలేదు.

"ముందు దిగు తల్లీ, నడుం విరుగుతుంది" అన్నాను.

"విరిగితే విరగనీ. ఇటు చూడు."

కంప్యూటరు తెర మీద రెండు ఫొటోలు. ఎడమ బీరువాలోని తునక ఒక తాయెత్తు, జ్వరం తగ్గాలని రాయించుకున్నది. "అబ్రహాము దేవా, ఇస్సాకు దేవా, యాకోబు దేవా, ఈ పాపను వదిలిపెట్టమని జ్వరానికి చెప్పు" అని ఉంది దాని మీద. కుడి బీరువాలోనిదీ జ్వరం తాయెత్తే. "రోగుల్ని లేపిన యేసూ, ఫలానా తల్లి కన్న ఫలానా పాపను కాపాడు." ఆ కాలపు తాయెత్తుల్లో మనిషిని తల్లి పేరుతోనే గుర్తుపడతారు. మొదటి తునక కుడివైపు చిరిగి ఉంది, రెండోది ఎడమవైపు. వదిన రెంటినీ దగ్గరికి జరిపింది. అంచులు తలుపు రెక్కల్లా కలిసిపోయాయి.

"ఒకే తాయెత్తు! ఒకే కాగితం మీద అబ్రహామూ ఉన్నాడు, యేసూ ఉన్నాడు. దాన్ని రెండు బీరువాల్లో పెట్టింది మనమే" అంది. నాకూ ఒళ్లు పులకరించింది. నిజమైతే ఇది మామూలు విషయం కాదు.

"లైన్లు కలుస్తున్నాయా?" అన్నాను. ఆడపడుచును కదా.

"మధ్యలో కాస్త రాలిపోయింది. ఊహించుకుంటే కలుస్తాయి."

రాలిపోయిన చోట మనకు కావలసింది చదువుకోవడం మా వృత్తిలో పాత జబ్బు. కానీ ఆ మధ్యాహ్నం ఆమె సంతోషం చూస్తే నాకూ ఆ జబ్బే అంటుకుంది. ఇద్దరం క్యాంటీన్లో మళ్లీ టీ తాగాం, ఆ కప్పు మాత్రం ఒలకనివ్వలేదు. "ఒకే తాయెత్తు, రెండు బీరువాలు" అన్న శీర్షికతో పేపరు సదస్సు కార్యక్రమ పత్రంలో అచ్చైపోయింది.

దాన్ని విమర్శించే వంతు ఎవరికి వచ్చిందో వేరే చెప్పాలా? ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అన్నారా!

పని మొదలుపెట్టాను. కుడి తునక ఫొటో ఇంకాస్త స్పష్టంగా కావాలనిపించింది. వదిన వాడింది చుట్టూ కత్తిరించిన ఫొటో. ఫొటో గదికి వెళ్లి కత్తిరించని అసలు ఫొటో తెచ్చుకున్నాను. దాని అంచున, కత్తిరింపులో పోయిన చోట, చిన్న కొలబద్ద కనిపించింది. ఫొటో తీసేటప్పుడు సైజు తెలియడానికి పక్కన పెడతారు. లెక్క కట్టాను. మళ్లీ కట్టాను. కుడి తునక నిజంగా ఉన్న సైజు, వదిన తెర మీద ఉన్న దాంట్లో ముప్పావు వంతు మాత్రమే.

సదస్సులో వదిన పేపరు ఇంకా చదవలేదు, చెప్పడానికి టైముంది. వెంటనే వెళ్లాను.

"వదినా, కుడి ఫొటో సైజు దేన్నిబట్టి పెట్టావు?"

"దేన్నిబట్టి ఏముంది? అంచులు కలిసేదాకా పెంచుకుంటూ పోయా..." అని ఆగిపోయింది. తన మాట తన చెవిన పడింది. నా చేతిలోని ఫొటో వైపు చూసింది, కొలబద్ద చూసింది. కుర్చీలో కూలబడింది.

కలిసేదాకా సాగదీసి, ఎంత బాగా కలిసిందోనని గంతులేశామన్నమాట ఇద్దరం. ఎవరికైనా చెబితే నవ్వుతారు. మాకు మాత్రం నవ్వు రాలేదు. "చెప్పు కోసం కాలు కోసుకున్నట్టుంది నా పని" అంది వదిన. ఆమె కళ్లలో నీళ్లు చూసి నాకు ఆ కొలబద్దను విరిచి పారేయాలనిపించింది.

సాయంత్రం వాళ్లింటికి తోడు వెళ్లాను. అత్తగారు విషయం విని "పోతే పోయిందిలే, మైకు నీకోసం కూర్చునే ఉందిగా" అని ఓదార్చింది. ఆ ఓదార్పుకు వదిన ముఖం ఇంకా వాడిపోయింది. అన్నయ్య డ్యూటీ దిగి వచ్చి, బూట్లు విప్పుకుంటూ అంతా విన్నాడు.

"బండి రద్దైతే మైకులో చెప్పేదానివా, కాదా?" అన్నాడు.

"చెప్పేదాన్ని."

"జనం తిట్టేవాళ్లా?"

"తిట్టకుండా ఊరుకుంటారా?"

"తిట్టి ఊరుకునేవాళ్లు, అంతే కదా. ఇదీ అలాగే చెప్పు. ఇంతకీ ఆ రెండు కాగితాలూ నువ్వు కళ్లారా ఎప్పుడైనా చూశావా?"

"పక్కపక్కన ఎవరూ చూడలేదు" అంది వదిన. అంటూనే నిటారుగా కూర్చుంది. నావైపు తిరిగింది. "ఆడపడుచూ, తప్పు ఎలాగూ చేశాను. ఎంత తప్పో కొలుద్దాం. రెండు బీరువాలూ తెరిపిద్దాం."

అది అయ్యే పని కాదనుకున్నాను. కానీ వదిన స్టేషన్లో పనిచేసిన మనిషి, ఎవరిని ఏ మాటతో కదిలించాలో తెలుసు. మర్నాడు పొద్దున్నే మేడం దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. మేడం ముఖం ఎర్రబడింది, అయినా "నా విద్యార్థి తప్పు చేస్తే నేను పక్కన ఉంటాను" అంది. తర్వాత కుడి సార్ దగ్గరికి వెళ్లింది. "సార్, నేను తప్పు చేశాను, రుజువు మీ బీరువాలో ఉంది" అంది. ఎదుటి శిబిరం తప్పు తన కళ్లతో చూసే అవకాశం! సార్ కాఫీ సగంలో వదిలేసి తాళంచెవి తీసుకున్నాడు.

నియమాన్ని పక్కనపెట్టి రెండు బీరువాలూ తెరిచారు. రెండు అద్దాలనూ లైటు బల్ల మీద పక్కపక్కన పెట్టారు. లైటు బల్లంటే గాజు పలక, దాని కింద దీపాలు. నలుగురం వంగి చూశాం. మేడం, సార్ బల్లకు చెరో చివర.

కలవలేదు. కలిసే ప్రసక్తే లేదు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, చిరిగిన అంచుల తీరే వేరు. చిన్నపిల్లలు చూసినా చెబుతారు అవి ఒకే కాగితం కాదని.

"సరే, తేలిపోయింది" అన్నాడు సార్. తన అద్దం తీసుకోబోయాడు. గొంతులో సంతోషం దాచుకోవడానికి పెద్దగా ప్రయత్నించలేదు. నాకు కోపం వచ్చింది, ఆయన నా గైడే అయినా సరే.

"ఒక్క నిమిషం సార్" అంది వదిన. ఆమె తన తప్పును చూడటం మానేసింది, తునకను చూస్తోంది. ఎడమ తునక కింది మూల దగ్గర ముక్కు అద్దానికి ఆనించింది. "మేడం, ఈ మూల మిగతాదానికంటే నల్లగా ఎందుకుంది?"

"అక్కడ చిరిగి మరక పట్టింది" అంది మేడం.

"మరకైతే వెలుగు ఇలా ఆగదు కదా. ఇక్కడ రెండు పొరలు ఉన్నాయి. మూల వెనక్కి మడత పడింది."

మేడం కళ్లద్దాలు సవరించుకుని వంగింది. ఎప్పుడూ పైనుంచి వెలుగు వేసి తీసిన ఫొటోలే చూశాం. కింది నుంచి వెలుగు వచ్చేసరికి ఆ మూల ఒక్కటీ చీకటిగా తేలింది. వెనక ఖాళీ అని పాత జాబితాలో రాసి ఉంది. ఖాళీదాన్ని ఎవరు తిప్పి చూస్తారు? మేడం తన చేతులతో అద్దాన్ని నెమ్మదిగా తిరగేసింది.

మడతపడిన మూల మీద రాత ఉంది.

వదిన ఒక్కో అక్షరమే చదవడం మొదలుపెట్టింది. తెలియకుండానే ఆ పాత మైకు గొంతు వచ్చేసింది, ఒక్కో అక్షరం స్పష్టంగా, మధ్యలో ఆగుతూ. సగం పేరు పూర్తయ్యేసరికి బల్ల అవతల నుంచి మిగతా సగం వినిపించింది. చెప్పింది కుడి సార్. ఆయన ముఖం పాలిపోయింది.

"ఆ పేరు నాకు తెలుసు" అన్నాడు. "నా తునకలో పాప పేరు అదే. ముప్ఫై ఏళ్లుగా చదువుతున్నాను. తల్లి పేరు చూడు, తల్లి పేరు చూడమ్మా!"

వదిన చూసింది. తల్లి పేరు కూడా అదే.

ఆ పేర్లు ఇక్కడ రాయను. వదిన పుస్తకం వచ్చాక చూసుకోండి. మొదట అచ్చులో చెప్పే హక్కు ఆమెది. మా వృత్తిలో దాని మీద చంపుకుంటారు.

ఆ తర్వాత గదిలో జరిగింది నేను ఎప్పటికీ మరిచిపోను. కుడి సార్ బల్ల చుట్టూ తిరిగి మేడం పక్కకు వచ్చాడు. "చేతిరాత చూడండి మేడం. నిలువు గీతల కింద ఆ కొక్కెం చూశారా? రెంటిలోనూ ఉంది" అన్నాడు.

"చూశాను. మీకంటే ముందే చూశాను" అంది మేడం.

అన్నేళ్లుగా మాట్లాడుకోని మనుషుల మొదటి మాటలు అవి. ఇద్దరూ పక్కపక్కన వంగి, భుజాలు తగులుతున్నా పట్టించుకోకుండా, ఒకే భూతద్దం అటూ ఇటూ లాక్కుంటున్నారు. వదిన నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే నా చేతి గాజు నాకే గుచ్చుకుంది. "ఒకే కాగితం కాదే ఆడపడుచూ. ఒకే అమ్మ! తాయెత్తు రాయించడానికి రెండుసార్లు వెళ్లింది" అంది. నేనూ ఆమే చిన్నపిల్లల్లా ఎగిరాం. లైటు బల్ల దగ్గర ఎగరకూడదని మాకు నేర్పింది మేడమే. ఆ రోజు ఆమె ఏమీ అనలేదు.

సదస్సు రోజు హాలు నిండింది. రెండు బీరువాలూ ఒకేసారి తెరుచుకున్నాయన్న వార్త పాకిపోయింది. అన్నయ్య సెలవు పెట్టి వచ్చి వెనక కూర్చున్నాడు. వదిన లేచింది, గొంతు సవరించుకుంది.

"దయచేసి వినండి. కార్యక్రమ పత్రంలో అచ్చైన పేపరు రద్దయింది. అందుకు చింతిస్తున్నాను. రద్దుకు కారణం నేనే. అంచులు కలిసేదాకా ఫొటో పెంచాను. దాని బదులు వేరే పేపరు మరికొద్ది నిమిషాల్లో బయలుదేరుతుంది."

హాలంతా గొల్లుమంది. వెనక అన్నయ్య అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆ నవ్వులోనే ఆమె అసలు విషయంలోకి వెళ్లింది. పడిపోయిన మనిషి అంత ఉత్సాహంగా లేవడం నేను ఎక్కడా చూడలేదు.

తర్వాత నా వంతు. అప్పజెప్పాను: "రాసినవాడు ఒకడే, అమ్మ ఒకతే, పాప ఒకతే. ఒక తాయెత్తులో అబ్రహాము, ఇంకొకదాంట్లో యేసు. కనుక మన బీరువాల మధ్య ఉన్న గోడ ఆ ఇంట్లో లేదు. మీరన్నది ఇదేనా?"

"అవును, నేనన్నది ఇదే" అంది వదిన మొదటిసారికే.

"అయితే ఒక ప్రశ్న. గోడ లేదని ఎలా చెబుతారు? ముందు అబ్రహాము దేవుణ్ణి నమ్మి ఒక తాయెత్తు కట్టింది. పని జరగలేదు. ఆ తర్వాత మతం మారి ఇంకొకటి కట్టింది. అలా ఎందుకు కాకూడదు? గోడ దూకింది అంటే గోడ ఉన్నట్టే కదా?"

హాల్లో గుసగుసలు లేచాయి. ప్రశ్న మంచిదని నాకే తెలుసు. దాని మీద వదిన భవిష్యత్తు ఉందనీ తెలుసు. అయినా అడిగాను. మెతక ప్రశ్న అడిగి గెలిపిస్తే ఆమె నన్ను జన్మలో క్షమించదు.

వదిన తెర మీద రెండు తునకల మడతల గీతలు చూపించింది. కాగితాల సైజు వేరైనా రెంటినీ మడిచి మడిచి ఒకే కొలతకు తెచ్చారు. రెంటి మీదా దారం బిగించిన నొక్కు ఉంది, ఒకే చోట, ఒకే ఏటవాలులో. ఒకదాని మీద ఒకటి పెట్టి, ఒకే దారంతో కట్టారు.

"విడివిడిగా రాయించింది, కానీ కట్టింది కలిపే" అంది. "నేను మైకు ముందు ఏళ్ల తరబడి కూర్చున్నాను. పిల్ల తప్పిపోయిన తల్లి ఎలా వస్తుందో నాకు తెలుసు. పోలీసును అడుగుతుంది, టికెట్ల దగ్గర అడుగుతుంది, ఊడ్చే ఆమెను అడుగుతుంది, నా దగ్గరికి వస్తుంది. ఇది ఎవరి కౌంటరు అని చూడదు. ఒకరిని అడిగాను కాబట్టి ఇంకొకరిని అడగకూడదనీ అనుకోదు. ఇది ఆధారం కాదు, నాకు తెలుసు. ఆధారం దారం నొక్కే. కానీ ఆ నొక్కు చూడాలని నాకు తట్టింది మాత్రం ఆ తల్లుల వల్లే."

నేను కూర్చున్నాను. అడగడానికి ఇంకేమీ లేదు. ఓడిపోయినందుకు అంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు.

అప్పుడు ఎడమ మేడం లేచింది. అందరూ ఏ వ్యాకరణం ప్రశ్నో అనుకున్నారు. "పాప బతికిందా?" అంది.

కుడి సార్ ఆమె వైపు చూశాడు.

"తెలియదు మేడం" అంది వదిన. "దానికి ఆధారం ఏమీ లేదు." ఆ మాట అనేటప్పుడు ఒక్కసారే ఆమె మైకు గొంతు తడబడింది.

సదస్సు అయ్యాక మేడం, సార్, హెడ్ లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు. వదిన, నేను, అన్నయ్య మా గదిలో కూర్చున్నాం. సెలవు పొడిగించేది లేదని స్టేషన్‌వాళ్లు ఆ వారమే చెప్పేశారు. వదిన గోళ్లు కొరుకుతోంది. అన్నయ్య ఆమె చెయ్యి నోట్లోంచి తీసి పట్టుకున్నాడు. "ఏమైనా సరే, ఈసారి నా బండి పేరు ఒక్కసారి అనౌన్స్ చెయ్యాలి నువ్వు" అన్నాడు. ఆమె నవ్వలేదు.

తలుపు తోసుకుని మేడం, సార్ ఇద్దరూ కలిసి వచ్చారు. చేతుల్లో చెరో అద్దం. నోటీసు బోర్డు చదవకుండా ఇంత దూరం కలిసి నడిచారన్నమాట.

"నీ బల్ల సొరుగు ఖాళీ చెయ్యమ్మా" అంది మేడం.

"ఎందుకు మేడం?"

"ఇవి ఏ బీరువాలో పెట్టాలో తేలలేదు" అన్నాడు సార్. "నీ థీసిస్ అయ్యేదాకా ఇక్కడే ఉండనీ. ఎన్నేళ్లు పడుతుందో మరి."

వదినకు అర్థం కావడానికి క్షణం పట్టింది. సొరుగులోంచి టిఫిను డబ్బా, దువ్వెన, నలిగిన పాత డ్యూటీ చార్టు తీసి అన్నయ్య ఒళ్లో పడేసింది. అక్కడే నిలబడి స్టేషన్‌కు ఫోన్ చేసింది. "సార్, నేను రావడం లేదు. అవును, ఇంక రాను" అంది. అవతలివాళ్లు ఏదో అన్నారు. "థాంక్యూ సార్" అని పెట్టేసింది. పెట్టేశాక ఫోన్ వైపు కాసేపు చూసింది.

మేడం, సార్ రెండు అద్దాలనూ సొరుగులో పక్కపక్కన పెట్టారు. బీరువాలకు ఉన్నట్టే సొరుగుకు కూడా ఏదో పేరు రాయాలి, అది నియమం. సార్ ఖాళీ చీటీ ఇచ్చాడు. యూదు అని రాయలేం, క్రైస్తవ అని రాయలేం. వదిన ఆలోచించలేదు. తల్లి పేరు, "కన్న", పాప పేరు రాసింది. సొరుగుకు అంటించింది.

దాని ఎదురుగా నిటారుగా నిలబడింది. మైకు లేదు, ఆ గొంతు మాత్రం అదే.

"దయచేసి వినండి." రెండు పేర్లూ చదివింది, ముందు తల్లి పేరు, తర్వాత పాప పేరు. "పాప మా దగ్గర క్షేమంగా ఉంది. తల్లి ఎక్కడున్నా వచ్చి తీసుకెళ్లగలరు."

అన్నయ్య తల దించుకున్నాడు. మేడం కళ్లద్దాలు తీసి కుడి సార్ చేతికిచ్చి కళ్లు తుడుచుకుంది. నేను దాచుకోలేదు, ఏడ్చేశాను.